పువ్వులో మకరందం కొలవడం: మొగ్గకు సంచి కట్టడం నుంచి ల్యాబ్ లెక్క దాకా

ఉదయం ఏడింటికి ఒక పువ్వులో 4 మైక్రోలీటర్ల (మైక్రోలీటర్ అంటే మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు) మకరందం దొరికింది. అందులో చక్కెర 20%. పదిన్నరకు అదే మొక్క మీద, అదే వయసున్న ఇంకో పువ్వులో 1.83 మైక్రోలీటర్లే ఉంది, చక్కెర మాత్రం 40%. మూడున్నర గంటల్లో తీపి రెట్టింపయిందా? లెక్క వేస్తే (ఎలాగో ఏడో భాగంలో చూద్దాం) రెండు పూలలోనూ ఉన్న చక్కెర సుమారు 0.86 మిల్లీగ్రాములే. పువ్వు కొత్తగా ఏమీ ఇవ్వలేదు. ఎండకు నీళ్లు ఆరిపోయాయి, అంతే.

మకరందం కొలిచేవాళ్లలో చాలామంది మొదటి ఏడాది ఇక్కడే పడతారు. నేనూ పడ్డాను. ఒక సీజనంతా రిఫ్రాక్టోమీటర్ (ద్రవంలో చక్కెర శాతం చూపే పరికరం) అంకెలు శ్రద్ధగా రాసుకుని, ఎంత పరిమాణం దొరికిందో మాత్రం సగం పూలకు రాయలేదు. ఆ సగం డేటా దేనికీ పనికిరాలేదు. నీళ్లు వస్తాయి, పోతాయి. నిలకడగా ఉండేది చక్కెర బరువు. అందుకే ఈ మార్గదర్శి మొత్తంలో మన కన్ను ఒక్కో పువ్వులో ఎన్ని మిల్లీగ్రాముల చక్కెర ఉంది అనే దాని మీదే ఉంటుంది. ఏ చక్కెర ఎంత, ఇంకేమున్నాయి అన్నవి దాని తర్వాతే.

ఒక మాట ముందే. వాడుకలో పువ్వులో ఉన్నదాన్నీ తేనె అంటాం, పట్టులో ఉన్నదాన్నీ తేనె అంటాం. ఇక్కడ మకరందం అంటే పువ్వులో ఉన్నది మాత్రమే. తేనెటీగ దాన్ని మోసుకెళ్లి, ఎంజైములు కలిపి, నీటిని 20% కన్నా తక్కువకు ఆర్చాకే అది తేనె అవుతుంది. రెండింటి కూర్పూ ఒకటి కాదు.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"మకరందం ఎంత?" అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ఈ క్షణంలో ఈగకో పిట్టకో దొరికేది ఎంత అన్నది మొదటిది. దీన్ని నిల్వ అనుకుందాం. సంచి కట్టని పువ్వును ఉన్నదున్నట్టు కొలవాలి. ఇంతకుముందే ఎవరో తాగి వెళ్లి ఉండొచ్చు, చాలా పూలు ఖాళీగా ఉంటాయి. అదీ సమాధానమే. రెండోది, పువ్వు గంటకో రోజుకో ఎంత స్రవిస్తుంది అన్నది. దీనికి ఎవరూ రాకుండా సంచి కట్టాలి. మూడోది కూర్పు. సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఏ పాళ్లలో ఉన్నాయి, అమైనో ఆమ్లాలున్నాయా అన్నది. దీనికి శుభ్రమైన, పుప్పొడి కలవని నమూనా కావాలి.

ఈ మూడింటికీ ఒకే పువ్వును వాడుకోవాలని ఆశపడకండి. స్రావం కోసం సంచిలో 24 గంటలు ఉంచిన మకరందం, ఈగ రోజంతా ఎదుర్కొనే మకరందంతో సమానం కాదు. సంచి లోపల గాలి ఆడదు, తేమ పెరుగుతుంది, మకరందం పల్చబడుతుంది. పైగా కొన్ని మొక్కలు ఎవరూ తాగని మకరందాన్ని తిరిగి పీల్చేసుకుంటాయి. మరికొన్ని, తీసిన కొద్దీ ఇంకా స్రవిస్తాయి. అంటే మీరు రెండు గంటలకోసారి తీసి కూడితే వచ్చే మొత్తం, రోజు చివర ఒకేసారి తీస్తే వచ్చే మొత్తానికి సరిపోదు. కొత్త జాతి మీద పని మొదలుపెట్టేటప్పుడు ఒక రోజు దీనికే కేటాయించి, కొన్ని పూలను పదేపదే, కొన్నింటిని ఒక్కసారే తీసి పోల్చండి. ఆ ఒక్క రోజు ఖర్చు తర్వాత చాలా వాదనలను తప్పిస్తుంది.

2. సామాను

పెద్ద జాబితా అక్కర్లేదు. గాజు మైక్రోక్యాపిలరీలు, అంటే మకరందం పీల్చే సన్న గొట్టాలు, 1, 2, 5, 10 మైక్రోలీటర్ల సైజుల్లో. చిన్న పరిమాణాల కోసం తయారైన చేతి రిఫ్రాక్టోమీటర్. పొడవు కచ్చితంగా కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్. మెత్తని నైలాన్ వల సంచులు. సన్నమొన ఫోర్సెప్స్. డిస్టిల్డ్ వాటర్, లెన్స్ తుడిచే కాగితం, ఐస్ పెట్టె. పొడవాటి ముక్కలుగా కత్తిరించిన వాట్‌మన్ 1 ఫిల్టర్ పేపర్, తేమ పీల్చే సిలికా జెల్. చేతి తొడుగులు. థర్మామీటర్, తేమ మాపకం. పెన్ను కాదు, పెన్సిల్. ఇంకు ఇథనాల్ (ఆల్కహాల్) తగిలితే కారుతుంది, నమూనాలోకి దిగితే తర్వాత విశ్లేషణలోనూ తల దూరుస్తుంది.

రిఫ్రాక్టోమీటర్ విషయంలో మాత్రం ఆచితూచి ఎంచుకోండి. పండ్ల రసాలకు వాడే మామూలు పరికరానికి ప్రిజం మీద పెద్ద చుక్క కావాలి, పువ్వు అంత ఇవ్వదు. చిన్న పరిమాణాల రకానికి ఒక మైక్రోలీటర్, ఒక్కోసారి అందులో సగం సరిపోతుంది. వీటిలో 0 నుంచి 50% దాకా చదివేది ఒకటి, 45 నుంచి 80% దాకా చదివేది ఒకటి వస్తాయి. ఎండ కాసే చోట, తెరిచిన గిన్నెలాంటి పూల మీద పనిచేసేవాళ్లకు రెండోదీ కావాలి. అలాంటి పూలలో మధ్యాహ్నానికి మకరందం పాకంలా తయారవుతుంది.

3. మొక్కలు, పూలు, సంచులు

ఒక మొక్క నుంచి యాభై పూలు తీసుకుంటే మీకు ఆ మొక్క గురించి బాగా తెలుస్తుంది, ఆ జాతి గురించి తెలియదు. పది మొక్కల నుంచి ఐదేసి పూలు మేలు. పూల వయసు తప్పనిసరిగా గుర్తు పెట్టాలి. ముందురోజు సాయంత్రం, మర్నాడు విచ్చుకునే మొగ్గల కాడలకు రంగు దారం కట్టండి. గుమ్మడి లాంటి మొక్కల్లో మగ పువ్వు, ఆడ పువ్వు వేరుగా ఉంటాయి, రెండింటినీ వేర్వేరు లెక్కల్లో వేయాలి. ఒకే పువ్వు ముందు మగదశలో పుప్పొడి రాల్చి, తర్వాత ఆడదశకు వచ్చే జాతుల్లో దశను బట్టి మకరందం మారవచ్చు. దశ రాయకపోతే ఆ తేడా మొత్తం అర్థంలేని చెదురుగా మారిపోతుంది.

సంచి మొగ్గగా ఉన్నప్పుడే కట్టాలి. విచ్చుకున్నాక కడితే అప్పటికే ఎవరు తాగారో తెలియదు. వల పూరేకులకు ఆనకుండా లోపల సన్న తీగతో చిన్న పంజరంలా చేయండి. ఆనితే మకరందం వలకే అంటుకుపోతుంది. చీమలను మర్చిపోవద్దు. సంచి ముడి ఎంత బిగించినా కాడ వెంబడి ఎక్కేస్తాయి. ముడికి కింద కాడ చుట్టూ కాగితం చుట్టి దాని మీద జిగురు పూస్తే ఆగుతాయి. జిగురును నేరుగా కాడకు పూయకండి.

సంచి కట్టని పూల అడుగుభాగం కూడా చూసుకోవాలి. పూగొట్టం పక్కన చిన్న కన్నం కనిపిస్తే అది మకరంద దొంగ పని. నాలుక లోపలికి అందని తుమ్మెదలు గొట్టం కొరికి పక్కదారిన తాగేస్తాయి. ఆ పువ్వును వదిలేయకండి, కొలిచి "కన్నం ఉంది" అని రాయండి.

4. తీయడం

చేతి మెళకువంతా ఇక్కడే ఉంది. పువ్వు మీద మంచు గానీ వాన చుక్క గానీ ఉంటే ముందు టిష్యూ కొనతో అద్దేయండి. ఒక్క మంచు చుక్క లోపలికి జారితే ఆ పువ్వు లెక్క పోయినట్టే.

పువ్వును కాడతో సహా మెల్లగా పట్టుకుని, క్యాపిలరీని పక్కకు వాల్చి, మకరందం ఉన్న అడుగుకు తాకించండి. గుచ్చకండి. మకరంద గ్రంథి గానీ కణజాలం గానీ చిట్లితే మొక్క రసం కలుస్తుంది. ఆ రసంలోనూ చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి కలిసిందని మీకు తెలియను కూడా తెలియదు. కేసరాలను తగలకుండా, వీలైతే వాటిని ముందే ఫోర్సెప్స్‌తో తీసేసి, లోపలికి వెళ్లండి. మకరందంలో పడ్డ పుప్పొడి కొద్దిసేపటికే తన అమైనో ఆమ్లాలను వదులుతుంది.

గొట్టం తాకగానే మకరందం దానంతటదే పైకి పాకుతుంది. నోటితో పీల్చకూడదు, ఊపిరి తేమ చేరుతుంది. పాకడం ఆగాక గొట్టాన్ని కాస్త తిప్పి, గ్రంథి చుట్టూ రెండు మూడు చోట్ల తాకించండి, మిగిలింది వస్తుంది. పొడవాటి పూగొట్టం ఉన్న పూలలో, ఉదాహరణకు రాత్రి విచ్చుకుని పొడుగు నాలుక చిమ్మట పురుగులను పిలిచే ఉమ్మెత్తలో, పైనుంచి అడుగును అందుకోవడం కష్టం. అక్కడ పువ్వును కోసి, అడుగు నుంచి పూగొట్టాన్ని జాగ్రత్తగా విడదీసి తీయడమే నయం. అలా కోసిన పువ్వును మళ్లీ కొలవలేం, ప్రణాళికలో ముందే రాసుకోండి.

తీసిన వెంటనే గొట్టంలో మకరందం ఎంత పొడవు నిండిందో కాలిపర్‌తో కొలవండి. గొట్టం మొత్తం పొడవుతో భాగించి, గొట్టం సామర్థ్యంతో హెచ్చించండి. 5 మైక్రోలీటర్ల గొట్టం పొడవు 32 మిల్లీమీటర్లు, నిండింది 14 మిల్లీమీటర్లు అయితే 14 ÷ 32 × 5, అంటే 2.19 మైక్రోలీటర్లు. మధ్యలో గాలి బుడగలుంటే వాటి పొడవు తీసేయాలి. నిండిన పొడవు మరీ తక్కువగా ఉందంటే ఇంకా సన్న గొట్టం వాడాల్సింది. 10 మైక్రోలీటర్ల గొట్టంలో ఒక మిల్లీమీటర్ కొలవడం, కిలోల తూకంతో ఏలకులు తూచినట్టే.

గొట్టం విరిగితే ముక్కలు కంటికి కనిపించవు. కళ్లద్దాలు పెట్టుకోండి, విరిగినవాటికి మూత ఉన్న డబ్బా ఒకటి పక్కన ఉంచండి.

5. గొట్టానికి అందని పూలు

పొద్దుతిరుగుడు లాంటి పూలలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిన్న పూల గుత్తి. ఒక్కో చిన్న పువ్వులో మైక్రోలీటర్‌లో చిన్న భాగమే ఉంటుంది. అలాగే చిక్కటి పాకంలా ఎండిన మకరందం గొట్టంలోకి ఎక్కనే ఎక్కదు. అలాంటప్పుడు మూడు దారులున్నాయి.

అన్నింటికన్నా తేలికైంది, ఒకే మొక్క మీది ఒకే వయసు పూలు కొన్నింటి మకరందాన్ని ఒకే గొట్టంలోకి చేర్చడం. ఎన్ని పూలో రాయండి. పువ్వుకీ పువ్వుకీ ఉన్న తేడా పోతుంది, సగటు మిగులుతుంది.

రెండోది కడగడం. కొలిచిన నీటిని, ఉదాహరణకు 5 మైక్రోలీటర్లను, మైక్రోపిపెట్‌తో పువ్వులో వేసి, ఒక నిమిషం ఆగి, తిరిగి తీయాలి. నీళ్లు కలిశాయి కాబట్టి అసలు గాఢత ఇక తెలియదు, చక్కెర బరువు మాత్రమే తెలుస్తుంది. ఒక్కసారి కడిగితే అంతా రాదు. అదే పువ్వును రెండోసారి, మూడోసారి కడిగి ఎంత వస్తుందో కొన్ని పూల మీద ముందే చూసుకోండి. నీటిలో ఎక్కువసేపు నానబెడితే కణాల లోపలి చక్కెర కూడా బయటికి కారుతుంది. రాత్రంతా నానబెట్టి వచ్చిన పెద్ద అంకెను చూసి మురిసిపోవద్దు.

మూడోది ఫిల్టర్ పేపర్ వత్తి. సన్నగా, కొన తేలేలా కత్తిరించిన ముక్కను ఫోర్సెప్స్‌తో పట్టి మకరందానికి తాకిస్తే పీల్చుకుంటుంది. ఆరబెట్టి, తర్వాత ల్యాబ్‌లో నీటిలోకి కరిగించి చక్కెర కొలవాలి. ఇక్కడా గాఢత దొరకదు. ప్రతి రోజూ మకరందం తాకని రెండు ఖాళీ వత్తులను కూడా అదే సంచిలో, అదే ఎండలో తిప్పండి. అవే మీ శూన్య నమూనాలు. వాటిలో చక్కెర కనిపిస్తే తప్పు మీ చేతుల్లోనో కాగితంలోనో ఉంది.

6. రిఫ్రాక్టోమీటర్ అసలేం చెబుతుంది

కాంతి ద్రవంలోకి వెళ్తూ ఎంత వంగుతుందో ఇది కొలుస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధ నీటి వక్రీభవన గుణకం 1.333, 20% సుక్రోజ్ ద్రావణానిది 1.364, 40%కి 1.400, 60%కి 1.442. ఆ తేడానే పరికరం బ్రిక్స్ స్కేలుగా చూపిస్తుంది. 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల సుక్రోజ్ అనేదే బ్రిక్స్. మకరందంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉన్నా అంకెలో పెద్ద తేడా రాదు, కానీ ఏది ఎంత ఉందో ఈ అంకె చెప్పదు. అమైనో ఆమ్లాలు, లవణాలు కూడా కాంతిని వంచుతాయి కాబట్టి వాటినీ చక్కెర కిందే లెక్కేస్తుంది. అంకె అసలు కన్నా కాస్త ఎక్కువ ఉండొచ్చు.

రోజూ పని మొదలుపెట్టే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా చూడండి. సున్నా ఒక్కటే చాలదు, 20%, 40% సుక్రోజ్ ద్రావణాలతోనూ సరిచూడండి. 20% ద్రావణం అంటే 20 గ్రాముల సుక్రోజ్‌కు 80 గ్రాముల నీరు, తూచి కలిపింది. 100 మిల్లీలీటర్ల నీటిలో 20 గ్రాములు వేస్తే అది 20% కాదు, సుమారు 16.7% అవుతుంది. ఈ ద్రావణాలు బయట ఉంటే బూజు పట్టి తీపి మారుతుంది. కొద్దికొద్దిగా తయారుచేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

కొలిచేటప్పుడు రబ్బరు బల్బుతో గొట్టంలోని మకరందాన్ని ప్రిజం మధ్యలోకి నెట్టి, ఆ క్షణమే మూత మూయండి. ఒక మైక్రోలీటర్ చుక్క ఎండలో కొన్ని సెకన్లకే చిక్కబడుతుంది. వెలుగు వైపు పట్టుకుని చూస్తే చీకటి వెలుతురుల మధ్య గీత కనిపిస్తుంది. చుక్క తక్కువైతే గీత మసకగా ఉంటుంది, పరికరాన్ని మెల్లగా తిప్పితే తేలుతుంది. అస్సలు తేలకపోతే ఊహించి రాయకండి, ఖాళీ వదిలేయండి.

ఉష్ణోగ్రత సరిదిద్దే ఏర్పాటు ఉన్న పరికరమైనా ఒక పరిధిలోనే సరిదిద్దుతుంది, చాలావాటికి అది 10 నుంచి 30 డిగ్రీలు. బ్యాగులో ఎండలో పడి ఉన్న పరికరం అంతకన్నా వేడెక్కుతుంది. నీడలో ఉంచండి, ఉష్ణోగ్రత రాయండి. ఒక్కో పువ్వు తర్వాత ప్రిజాన్ని నీటితో తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ముందు పువ్వు పాకం కాస్త మిగిలినా, తుడిచిన నీళ్లు కాస్త మిగిలినా, తర్వాతి పువ్వు అంకె తప్పుతుంది.

7. మిల్లీగ్రాముల్లోకి

అచ్చయిన పత్రాల్లో కూడా దొర్లే పొరపాటు ఒకటి ఇక్కడుంది. బ్రిక్స్ బరువుకు బరువు లెక్క. మనం కొలిచింది మాత్రం మైక్రోలీటర్లలో, అంటే పరిమాణం. మధ్యలో సాంద్రత లేకుండా రెండింటినీ హెచ్చించకూడదు.

సుక్రోజ్ ద్రావణాల సాంద్రత, 20 డిగ్రీల వద్ద, మైక్రోలీటర్‌కు మిల్లీగ్రాముల్లో ఇలా ఉంటుంది: 10%కి 1.038, 20%కి 1.081, 30%కి 1.127, 40%కి 1.176, 50%కి 1.230, 60%కి 1.287. మధ్య అంకెలకు రెండు పక్కలవాటిని బట్టి లెక్క కట్టుకోవచ్చు.

పైన తీసిన 2.19 మైక్రోలీటర్లకు రిఫ్రాక్టోమీటర్ 30 చూపిందనుకుందాం. మైక్రోలీటర్‌కు చక్కెర 0.30 × 1.127, అంటే 0.338 మిల్లీగ్రాములు. 2.19తో హెచ్చిస్తే 0.74. సాంద్రత మరిచి 0.30ను నేరుగా హెచ్చిస్తే 0.66 వస్తుంది. దాదాపు 11% పోయింది. 60% మకరందంలో అదే పొరపాటు 22% మింగేస్తుంది. చిక్కటి మకరందమిచ్చే జాతిని పల్చటిదానితో పోల్చేటప్పుడు ఈ తప్పు రెండింటికీ సమానంగా పడదు, అదే అసలు ప్రమాదం.

శక్తిలో చెప్పాలంటే మిల్లీగ్రాము చక్కెరకు 16 నుంచి 17 జూల్స్ అని వేసుకోవచ్చు. ఏ అంకె వాడారో రాస్తే చాలు.

8. భద్రపరచడం

మకరందం తీసిన క్షణం నుంచి మారడం మొదలవుతుంది. కారణం ఎక్కువగా ఈస్ట్‌లు, బ్యాక్టీరియా. మెట్ష్నికోవియా అనే ప్రజాతి ఈస్ట్‌లు ఈగల నాలుకల మీద ప్రయాణించి పువ్వు నుంచి పువ్వుకు చేరతాయి, మకరందంలోనే పెరుగుతాయి. సుక్రోజ్‌ను విరగ్గొడతాయి, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పాళ్లను మార్చేస్తాయి. అంటే గది ఉష్ణోగ్రతలో రెండు రోజులు ఉన్న నమూనా మీకు పువ్వు గురించి కాక ఈస్ట్ గురించి చెబుతుంది. అనుమానం ఉంటే ఒక చుక్కను నీటితో కలిపి 400 రెట్ల మైక్రోస్కోప్ కింద చూడండి, ఈస్ట్ కణాలు తేలిగ్గా కనిపిస్తాయి.

కరెంటు, ఫ్రీజర్ దగ్గర్లో ఉంటే గొట్టం నుంచి మకరందాన్ని చిన్న మూత గొట్టాల్లోకి నెట్టి, ఐస్ మీద తెచ్చి, మైనస్ 20 డిగ్రీల్లో పెట్టడం మంచి పద్ధతి. లేకపోతే కొలిచిన మకరందాన్ని 70% ఇథనాల్‌లో వేయవచ్చు. నాకు మాత్రం అడవిలో పనికి ఫిల్టర్ పేపరే నచ్చింది. కొలిచిన మకరందాన్ని కాగితం మీద చుక్కగా పెట్టి, వెంటనే ఆరబెట్టి, ఒక్కో దాన్ని ఒక్కో కాగితపు కవరులో పెట్టి, సిలికా జెల్ ఉన్న బిగుతు డబ్బాలో వేయాలి. "వెంటనే" అన్నమాట ఊరికే అనలేదు. ఒక వానాకాలం నేను తడి ఆరని కాగితాలను ప్లాస్టిక్ కవరులో వేసి సర్దేశాను. వారానికి తెరిస్తే నల్లటి బూజు చుక్కలు, ఒక్కో పువ్వుకు ఒక్కటి, ఎంతో చక్కగా.

9. ఏ చక్కెర ఎంత

ల్యాబ్‌లో పని ప్రశ్నను బట్టి ఉంటుంది. మొత్తం చక్కెర చాలనుకుంటే, చక్కెరతో కలిసి రంగునిచ్చే ఆంథ్రోన్ అనే రసాయనం వాడే పద్ధతి చవక. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన ఆంథ్రోన్‌ను నమూనాకు కలిపి వేడి చేస్తే నీలాకుపచ్చ రంగు వస్తుంది. 620 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి పీల్చుకుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూసి, తెలిసిన చక్కెర ద్రావణాలతో గీసిన ప్రామాణిక రేఖతో పోల్చాలి. ఇది చాలా సున్నితం. ఎంత సున్నితమంటే వత్తి నుంచి ఊడిన ఒక్క కాగితపు పోగు కూడా చక్కెరలా రంగు ఇస్తుంది, సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే కదా. కరిగించిన నీటిని వడకట్టకుండా ఆమ్లం కలపకండి. ఆమ్లం పని ఫ్యూమ్ హుడ్‌లో, తొడుగులు, కళ్లద్దాలతోనే.

పాళ్లు కావాలంటే హెచ్‌పీఎల్‌సీ, అంటే ద్రవాన్ని కాలమ్ అనే గొట్టం గుండా ఒత్తిడితో పంపి అందులోని పదార్థాలను విడదీసే యంత్రం. అమైనో కాలమ్ మీద అసిటోనైట్రైల్, నీరు కలిపి నడిపితే ముందు ఫ్రక్టోజ్, తర్వాత గ్లూకోజ్, ఆ తర్వాత సుక్రోజ్ బయటికి వస్తాయి. వక్రీభవన డిటెక్టర్ అందరి దగ్గరా ఉంటుంది కానీ గది ఉష్ణోగ్రత కాస్త మారినా ఊగుతుంది, స్థిరపడటానికి గంటలు ఇవ్వాలి. నానోగ్రాముల స్థాయి నమూనాలకు అయాన్ మార్పిడి కాలమ్, పల్స్‌డ్ యాంపెరోమెట్రిక్ డిటెక్టర్ ఉన్న ల్యాబ్‌ను వెతకండి. గ్యాస్ క్రొమటోగ్రఫీ కూడా కుదురుతుంది, కానీ గ్లూకోజ్ ఆల్ఫా, బీటా రూపాల్లో రెండు శిఖరాలుగా వస్తుంది. రెండింటినీ కలిపి లెక్కించాలి.

ఏ పద్ధతైనా మూడు చక్కెరలకూ విడివిడిగా కనీసం ఐదు గాఢతల ప్రామాణిక ద్రావణాలు నడపండి. దాంతోపాటు తెలిసిన బరువు సుక్రోజ్‌ను అదే కాగితం మీద ఆరబెట్టి, అదే డబ్బాలో ఉంచి, అదే విధంగా కరిగించి చూడండి. వేసిందంతా సుక్రోజ్‌గానే తిరిగి వస్తోందా? కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారి వస్తోందంటే మీరు భద్రపరిచే పద్ధతిలోనే సుక్రోజ్ విరుగుతోంది.

ఫలితాన్ని సుక్రోజ్ బరువును గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల మొత్తం బరువుతో భాగించి చెప్పడం ఆనవాయితీ. హెర్బర్ట్ బేకర్, ఐరీన్ బేకర్ దంపతులు 1980ల్లో వాడిన విభజన ఇప్పటికీ నడుస్తోంది. 0.1 కన్నా తక్కువైతే హెక్సోజ్ (గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల ఉమ్మడి పేరు) ప్రధానం, 0.1 నుంచి 0.5 లోపు హెక్సోజ్ ఎక్కువ, 0.5 నుంచి 1 లోపు సుక్రోజ్ ఎక్కువ, అంతకు మించితే సుక్రోజ్ ప్రధానం. సుక్రోజ్ 60, గ్లూకోజ్ 22, ఫ్రక్టోజ్ 18 పాళ్లయితే 60 ÷ 40, అంటే 1.5. కొందరు మొత్తంలో సుక్రోజ్ శాతం అంటారు, అప్పుడు అదే మకరందం 60%, అంటే 0.6 అవుతుంది. ఏది వాడారో రాయకుండా ఇతరుల అంకెలతో పోల్చకండి.

ఈ పాళ్లను చూసి ఏ జీవి వస్తుందో తేల్చేయాలనిపిస్తుంది. హమ్మింగ్‌బర్డ్‌లు, చిమ్మటలు వచ్చే పూలలో సుక్రోజ్ ఎక్కువన్న ధోరణి నిజమే. గోరువంకల, థ్రష్‌ల వంశపు పక్షులకు సుక్రోజ్‌ను విరిచే ఎంజైము లేకపోవడం కూడా నిజమే. కానీ దగ్గరి చుట్టాలైన మొక్కలు ఎవరు వచ్చినా ఒకే రకం పాళ్లు ఇవ్వడమూ మామూలే. పువ్వు దగ్గర కూర్చుని వచ్చేవాళ్లను లెక్కపెట్టకుండా, ఒక్క నిష్పత్తి చూసి పిట్ట పేరు రాసేయడం నాకు మింగుడుపడదు.

10. అమైనో ఆమ్లాలు, ఇతరాలు

చక్కెరతో పోలిస్తే ఇవి చాలా కొద్ది. అందుకే కలుషితం ఇక్కడ పదింతలు దెబ్బ కొడుతుంది. మన వేళ్ల చెమటలోనే అమైనో ఆమ్లాలుంటాయి. తొడుగులు లేకుండా పట్టుకున్న కాగితం మీద, అమైనో ఆమ్లాలకు రంగు పట్టించే నిన్‌హైడ్రిన్ చల్లితే మీ వేలిముద్రే ఊదారంగులో తేలుతుంది. మకరందపు చుక్కలు కూడా ఊదాగా వస్తాయి, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం పసుపుగా. తెలిసిన గాఢతల హిస్టిడిన్ (ఇంకో అమైనో ఆమ్లం) చుక్కల వరుసతో రంగును పోల్చి మొత్తాన్ని అంచనా వేయడం బేకర్ల పద్ధతే. ఉజ్జాయింపు లెక్క, కానీ మొదటి చూపుకు పనికొస్తుంది. విడివిడిగా కావాలంటే హెచ్‌పీఎల్‌సీ ముందు నమూనాకు రంగుపట్టించే రసాయనం కలపాలి. అలాంటి రసాయనాల్లో ఓపీఏ అనేది ఒక్కటే వాడితే ప్రోలిన్ అసలు కనిపించదు, దానికి ఎఫ్ఎంఓసీ అనే ఇంకోదాన్ని జత చేయాలి. తేనెటీగలు ఇష్టపడే అమైనో ఆమ్లాల్లో ప్రోలిన్ ఒకటి కాబట్టి దాన్ని వదిలేయడం నష్టమే.

కాఫీ, నిమ్మజాతి పూల మకరందంలో కెఫీన్ ఉంటుంది. అది తేనెటీగల్లో ఆ వాసన జ్ఞాపకాన్ని పెంచుతుందని 2013లో తేలింది. ఇలాంటివాటికి మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను వాటి బరువును బట్టి గుర్తించే యంత్రం) ఉన్న ల్యాబ్ కావాలి, నమూనా తీసే పద్ధతి మాత్రం పైదే.

11. రాసుకునే కాగితం

ఒక్కో పువ్వుకు ఒక వరుస. మొక్క సంఖ్య, పువ్వు సంఖ్య, వయసు, మగదశా ఆడదశా, సంచి కట్టిన సమయం, తీసిన సమయం, ఉష్ణోగ్రత, తేమ, గొట్టం సైజు, నిండిన పొడవు, బ్రిక్స్, ఎలా భద్రపరిచారు, ఇతర గమనికలు. లెక్కించిన మిల్లీగ్రాములను ఫీల్డ్‌లో రాయకండి, ముడి అంకెలే రాయండి. లెక్కలో తప్పు దొరికితే మళ్లీ చేసుకోవచ్చు.

ఖాళీ పువ్వుకు పరిమాణం గడిలో 0 రాసి, బ్రిక్స్ గడిని ఖాళీగా వదలాలి. బ్రిక్స్‌లో కూడా 0 రాస్తే కంప్యూటర్ దాన్ని చక్కెర లేని మకరందం అనుకుని సగటును కిందికి లాగేస్తుంది. మకరందం ఉంది కానీ గీత కనబడలేదు అనేది మూడో సంగతి, దానికి వేరే గుర్తు పెట్టుకోండి. నిల్వ లెక్కల్లో ఎక్కువ పూలు ఖాళీగా, కొద్ది పూలు నిండుగా ఉంటాయి కాబట్టి సగటు ఒక్కటే ఇస్తే ఏ పువ్వూ దానిలా ఉండదు. ఖాళీ పూల శాతం ఒక అంకెగా, మిగతావాటి మధ్యగతం ఇంకో అంకెగా ఇవ్వండి.